ఏ ఊరు క్షేమం?

తుఫాన్లు రాని, వరదలు ముంచని, భూమి కంపించని ఊరు ఎక్కడైనా ఉందా? ఇల్లు కట్టుకునేటప్పుడో, రిటైరయ్యాక ఎక్కడ స్థిరపడదామా అని ఆలోచించేటప్పుడో చాలామంది అడిగే ప్రశ్న ఇది. సముద్రం పక్కన ఫ్లాట్ కొందామంటే 2014 అక్టోబరులో విశాఖను అతలాకుతలం చేసిన హుద్‌హుద్ గుర్తొస్తుంది. హైదరాబాద్ అనుకుంటే 2020 అక్టోబరులో కాలనీలకు కాలనీలు నీళ్లలో ఉన్న దృశ్యం కళ్లముందు కదులుతుంది. డాలస్‌లో ఉన్న అబ్బాయి టోర్నడో సైరన్ల సంగతి చెబుతాడు. కాలిఫోర్నియాలో ఉన్న అమ్మాయి భూకంపం వస్తే బల్ల కింద దూరడం బడిలోనే నేర్పుతారంటుంది. ఇన్ని విన్నాక, ఏ గొడవా లేని చోటు మ్యాపులో దొరక్కపోతుందా అనిపిస్తుంది.

మ్యాపునే నమ్ముకుంటే ఏమవుతుందో చూడటానికి, బయటివాళ్లెవరూ స్థలం కొనడానికి వెళ్లని ఒక ఊరిని తీసుకుందాం. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో, బీజాపూర్ జిల్లాలో తర్రెం ఉంది. బాసగూడ నుంచి జేగురుగొండ వెళ్లే దారిలో, అడవిలో ఉన్న ఊరు. మన వైపు నుంచి చెప్పాలంటే, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చర్ల మండలం దాటి సరిహద్దుకు అవతల. బాసగూడ పక్కనుంచి పారే తాల్పేరు నదే కిందికి దిగి తెలంగాణలో తాలిపేరు అవుతుంది, చర్ల దగ్గరి ప్రాజెక్టు గేట్లు దాటి గోదావరిలో కలుస్తుంది.

కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఎంటీపీసీ 1997లో తొలిసారి, 2019లో మూడోసారి ప్రచురించిన వల్నరబిలిటీ అట్లాస్‌లో దేశంలోని ప్రతి జిల్లాకూ భూకంపం, పెనుగాలి, వరద ముప్పులు వేర్వేరు రంగుల్లో చూపిస్తారు. ఆ లెక్కన బస్తర్ అడవులు దేశంలోని నిశ్చింతమైన చోట్లలో ఒకటి. సముద్రం 200 కిలోమీటర్లకు పైగా దూరం, మధ్యలో తూర్పు కనుమలు. కోస్తాను కొట్టిన తుఫాను ఇక్కడికి వచ్చేసరికి గాలి బలం పోయి వానగా మిగులుతుంది. 2002 నాటి భూకంప పటంలో బస్తర్‌లో చాలా భాగం అతి తక్కువ ముప్పున్న రెండో జోన్‌లో ఉంది. తర్రెంలో గోదావరి లాంటి పెద్ద నది లేదు, కొండచరియలు విరిగిపడే హిమాలయం లేదు.

అయినా తర్రెం క్షేమమైన ఊరని అక్కడివాళ్లెవరూ అనరు. మ్యాపుకూ మనిషి అనుభవానికీ మధ్య ఇంత తేడా ఎందుకొచ్చిందన్నదే ఈ అధ్యాయం.

మూడు పాళ్ల లెక్క

ప్రకృతి చేయగల పనిని ముప్పు అందాం. శాస్త్రజ్ఞులు దాన్ని హజార్డ్ అంటారు. ఎవరూ లేని ఎడారిలో భూకంపం వస్తే అది ముప్పే కానీ విపత్తు కాదు. మనిషి, ఇల్లు, పంట దాని దారిలో ఉండటం రెండో పాలు. దీన్ని ఎక్స్‌పోజర్ అంటారు, మనం ఎదురుపడటం అనుకోవచ్చు. మూడోది తట్టుకోలేనితనం, అంటే వల్నరబిలిటీ. ఒకే వరద ఒకే ఎత్తున వచ్చినా మేడ మీదికి ఎక్కగలిగినవాడి సంగతి వేరు, మట్టిగోడల ఇంట్లో మంచం పట్టిన ముసలమ్మ సంగతి వేరు. ఈ మూడూ కలిస్తేనే ప్రమాదం. మూడింటిలో ఒకటి సున్నా అయితే మిగతా రెండూ ఎంత పెద్దవైనా ప్రమాదం సున్నాయే.

అమెరికాలో విపత్తుల సంస్థ ఫెమా ప్రతి కౌంటీకీ ఇలాగే లెక్క కట్టింది. 18 రకాల విపత్తుల వల్ల ఏటా సగటున ఎంత నష్టం జరగొచ్చో చూసి, అక్కడి జనం ఎంత బలహీనులో, కోలుకునే శక్తి వాళ్లకు ఎంత ఉందో దానికి జత చేస్తారు. మన అట్లాస్‌లోనూ ముప్పుల మ్యాపులతో పాటు ఏ జిల్లాలో ఏ గోడలతో, ఏ కప్పుతో ఎన్ని ఇళ్లున్నాయో చెప్పే పట్టికలుంటాయి. రంగులు చూసి అట్లాస్ మూసేసేవాళ్లు సగం పుస్తకమే చదివినట్టు.

తర్రెం విషయంలో మొదటి పాలు, అంటే పెద్ద ముప్పులు, నిజంగానే తక్కువ. ఆ ఊరి ప్రమాదమంతా మిగతా రెండు పాళ్లలోనే ఉంది.

వందేళ్ల వరద వచ్చే ఏడూ రావచ్చు

ముందు అందరికీ తెలిసిన వరద సంగతి చూద్దాం. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు చేరింది. అక్కడ ఇప్పటికీ అదే రికార్డు. అంత పెద్ద వరద మళ్లీ మన జీవితంలో చూడమని అనుకున్నవాళ్లకు నాలుగేళ్లు తిరిగేసరికి, 1990 ఆగస్టులో, 70.8 అడుగుల వరద వచ్చింది. ఆ తర్వాత 30 ఏళ్లకు పైగా 70 దాటలేదు. 2022 జులైలో 71.3కి చేరింది.

ఇంజనీర్లు ఇలాంటివాటిని 'వందేళ్ల వరద', 'యాభయ్యేళ్ల వరద' అంటుంటారు. వందేళ్లకోసారే వస్తుందని ఆ మాటకు అర్థం కాదు. కుండలో వంద చీటీలు వేసి, ఒక్కదాని మీదే 'వరద' అని రాశారనుకోండి. ఏడాదికోసారి ఒక చీటీ తీసి, చూసి, మళ్లీ కుండలోనే వేస్తారు. నిరుడు వరద చీటీ వచ్చింది కదా అని ఈ ఏడు అది దాక్కోదు. ప్రతి ఏడూ అవకాశం నూటికి ఒకటే. అయితే 30 ఏళ్ల ఇంటి అప్పు తీరేలోపు కనీసం ఒక్కసారైనా ఆ చీటీ చేతికొచ్చే అవకాశం నూటికి 26. నాలుగింట ఒక వంతు కంటే ఎక్కువ. ఇల్లు కొనేవాళ్లు అడగవలసింది ఈ అంకె. 'ఈమధ్య ఎప్పుడైనా మునిగిందా' అన్న ప్రశ్నకు వచ్చే జవాబు దీన్ని చెప్పదు.

పైగా కుండలో చీటీలు మారుతున్నాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది మోయగల నీటి ఆవిరి దాదాపు 7 శాతం పెరుగుతుంది. మోసిన నీటిని ఒకేచోట దించేస్తే ఏమవుతుందో 2023 జులై చివర్లో ములుగు జిల్లా చూసింది. వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణ రికార్డుల్లో ఒక రోజులో ఎక్కడా అంత వాన లేదు. అదే వానకు జంపన్నవాగు పొంగి, ఏటూరునాగారం మండలం కొండాయి గ్రామస్థులు కొందరు కొట్టుకుపోయి ప్రాణాలు కోల్పోయారు.

ఇక్కడ ఇంకో తేడా గమనించాలి. గోదావరి వరద మెల్లగా ఎక్కుతుంది. ఎగువన కాళేశ్వరం, పేరూరు దగ్గర నీటిమట్టం చూసి భద్రాచలంలో ఎన్ని గంటల తర్వాత ఎంత ఎత్తు వస్తుందో అంచనా కట్టగలరు. కోడి, మేక, బియ్యం బస్తా సర్దుకుని వెళ్లే వ్యవధి ఉంటుంది. వాగు అలా కాదు. కొండల్లో ఎక్కడో వాన పడుతుంది, ఊళ్లో చినుకు లేకపోయినా వాగు రెండు గంటల్లో నడుము దాటుతుంది. పెద్ద నది ఎక్కువ ఆస్తి ముంచుతుంది. ప్రాణాల దగ్గరికొచ్చేసరికి, పేరు లేని వాగు దానికి ఏమాత్రం తీసిపోదు. తర్రెం చుట్టుపక్కల ఉన్నవి ఆ రకం వాగులే. వానాకాలంలో అవి పొంగితే ఊరు మునగకపోవచ్చు, దారి మునుగుతుంది. దారి మునిగితే ఏమవుతుందో కాసేపట్లో చూద్దాం.

పాత రాయి, కొత్త కుదుపు

భూమి కంపించే విషయంలో బస్తర్‌కు ఉన్న ధీమా దాని రాళ్లదే. బస్తర్ క్రేటాన్ అని భూవిజ్ఞానులు పిలిచే ఈ ఖండం మన ఉపఖండంలోని అతి పురాతనమైన రాతి పలకల్లో ఒకటి. ఇక్కడి కొన్ని రాళ్ల వయసు 300 కోట్ల ఏళ్లకు పైనే. ఎప్పుడో గట్టిపడి కదలిక మానేసిన నేల ఇది. దీని అంచున, నైరుతి వైపు, గోదావరి లోయ ఉంది. అది ఒకప్పుడు భూమి పైపొర చీలి కుంగిన పొడవాటి పల్లం. ఆ పల్లంలో పేరుకున్న అడవుల శిథిలాలే ఇవాళ సింగరేణి బొగ్గు. పాత చీలికలు పూర్తిగా అతుక్కోవు. అందుకే ఆ లోయ వెంట ఉన్న ప్రాంతాన్ని మూడో జోన్‌లో పెట్టారు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2024 డిసెంబరు 4 పొద్దున ములుగు జిల్లా మేడారం అడవుల్లో 5.3 తీవ్రతతో మళ్లీ కదిలింది. హైదరాబాద్‌లో సీలింగ్ ఫ్యాన్లు ఊగాయి.

అయితే అట్టడుగు జోన్ అన్నంత మాత్రాన నిశ్చింతగా పడుకోవచ్చా? 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూర్ జిల్లా కిల్లారిలో 6.2 తీవ్రతతో భూకంపం వచ్చి దాదాపు 10,000 మందిని బలి తీసుకుంది. అప్పటి పటంలో ఆ ఊరు ముప్పు అన్నిటికంటే తక్కువగా ఉన్న జోన్‌లో ఉంది. తర్వాత 2002లో పటం మార్చినప్పుడు ఆ ఒకటో జోన్‌నే తీసేసి రెండోదాంట్లో కలిపేశారు.

కిల్లారిలో మనుషులను చంపింది వాళ్ల ఇళ్లే. బండరాళ్లను మట్టితో పేర్చిన మందపాటి గోడలు, పైన మట్టి కప్పు. చలికీ ఎండకూ చక్కగా పనికొచ్చే ఆ ఇల్లు ఊగితే మాత్రం రాళ్లకుప్ప అవుతుంది. బస్తర్ పల్లెల్లో గోడంటే చాలావరకు కర్ర గుంజలు, వెదురు తడిక, మట్టిపూత. కప్పు పెంకో గడ్డో. అలాంటి తేలిక ఇల్లు కుదుపుకు వంగుతుంది, కూలినా మీద పడే బరువు తక్కువ. అదే ఇంటికి పిడుగు ముందు ఏ రక్షణా లేదు. లోపల లోహపు తీగ, ఇనుప చువ్వ ఏదీ లేని ఇంట్లో మెరుపు కరెంటు నేలలోకి దిగడానికి సురక్షితమైన దారి ఉండదు. ఇల్లు గట్టిదా కాదా అన్న ప్రశ్న, దేని ముందు అని అడగకపోతే సగమే.

టీవీలో కనబడని చావులు

పెద్ద విపత్తు మనసులో ముద్ర వేస్తుంది. చిన్నవి విడివిడిగా జరిగి జిల్లా పేజీలో మూలన పడతాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్క ప్రకారం 2022లో ప్రకృతి కారణాల వల్ల దేశంలో 8,060 మంది చనిపోయారు. అందులో 2,887 మంది పిడుగుపాటు వల్లే. ప్రతి వందలో 36 మంది. ఆ ఏడాది వరద, చలి, కొండచరియలు, ఎండ దేనికి దాన్ని విడిగా తీసుకుంటే పిడుగు తర్వాతే.

పిడుగుల విషయంలో ముప్పు, ఎదురుపడటం రెండూ ఒకే రుతువులో కలుసుకుంటాయి. ఏప్రిల్ చివర, మే నెలల్లో బస్తర్‌లోనూ, చర్ల, దుమ్ముగూడెం అడవుల్లోనూ తునికాకు సేకరణ జోరుగా సాగుతుంది. ఏడాదిలో చేతికి నగదు అందే కొద్ది రోజులవి. పొద్దున్నే అడవిలోకి వెళ్లి కోసుకొచ్చిన ఆకును కట్టలు కట్టి కల్లంలో ఆరబెడతారు. ఉరుములతో గాలివాన దిగేదీ అదే వారాల్లో, ఎండ బాగా కాసిన మధ్యాహ్నాల తర్వాత. వర్షాలు మొదలయ్యాక వరి నాట్లు. చదునైన మడిలో, నీళ్లలో, చుట్టుపక్కల అందరికంటే ఎత్తుగా ఉన్నది నాటు వేసే మనిషే. వాన పెరిగిందని పరుగెత్తి ఇప్పచెట్టు కిందికి చేరితే ఇంకా ప్రమాదం. చెట్టు మీద పడిన పిడుగు కాండం వెంట దిగుతూ పక్కనున్న మనిషిలోకి దూకగలదు. నేలలోకి దిగిన కరెంటు చుట్టూ వలయాలుగా పాకుతుంది. ఒక కాలి దగ్గరికీ ఇంకో కాలి దగ్గరికీ విద్యుత్ పీడనంలో తేడా ఉంటే కరెంటు ఒంట్లోంచి పోతుంది. పశువుల ముందు, వెనక కాళ్ల మధ్య దూరం ఎక్కువ కాబట్టే ఒక్క పిడుగుకు మందలో పది గొడ్లు పడిపోతాయి.

విపత్తు లెక్కల్లోకి సాధారణంగా ఎక్కని ఇంకొకటుంది. పాముకాటు వల్ల 2000 నుంచి 2019 దాకా మన దేశంలో ఏటా సగటున 58,000 మంది చనిపోయారని ఇంటింటి సర్వేల ఆధారంగా పరిశోధకులు అంచనా వేశారు. పోలీసు రికార్డుల నుంచి తీసిన పిడుగుల లెక్కతో దీన్ని నేరుగా పోల్చకూడదు, తీసిన పద్ధతులు వేరు. ఎంత తగ్గించి చూసినా తేడా చిన్నది కాదు. ఈ చావుల్లో సగం జూన్ నుంచి సెప్టెంబరు మధ్యే. ఎక్కువ మరణాలు జరిగిన ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. రాత్రిపూట ఇళ్లలోకి వచ్చే కట్లపాము నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కాటేస్తుంది. నొప్పి అంతగా ఉండదు కాబట్టి తెల్లారేదాకా తెలియదు కూడా. మంచం, దోమతెర, యాంటీవెనమ్ ఉన్న ఆసుపత్రి, ఈ మూడూ ఉంటే ఆ చావుల్లో చాలావాటిని ఆపొచ్చు.

ఇందాక వదిలేసిన దారి సంగతి ఇక్కడ అతుకుతుంది. కాటు పడిన మనిషి గంటలోపు ఆసుపత్రి చేరడం ఒకటి, వాగు దిగేదాకా ఈ గట్టునే ఉండిపోవడం ఒకటి. కాటేసింది పామైనా ప్రాణం తీసేది దూరం. మ్యాపులో వరద రంగు లేని ఊళ్లో వరద ఇలా చంపుతుంది. ఎండా అంతే. 2015 మేలో వడగాడ్పులకు దేశంలో 2,000 మందికి పైగా చనిపోతే అత్యధికులు రెండు తెలుగు రాష్ట్రాలవాళ్లు. ఒకే ఊళ్లో ఒకే ఎండలో, కూలి మానలేనివాళ్లకూ నీడపట్టున కూర్చోగలిగినవాళ్లకూ ప్రమాదం ఒకటి కాదు.

ఊరు మారినవాళ్లు

తర్రెం పేరు మన పత్రికల్లో వచ్చింది వేరే కారణాల వల్ల. 2021 ఏప్రిల్ 3న ఆ ప్రాంతపు అడవుల్లో మావోయిస్టుల దాడిలో 22 మంది భద్రతా సిబ్బంది చనిపోయారు. అంతకు చాలా ముందు, 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక దక్షిణ బస్తర్ పల్లెల నుంచి వేల ఆదివాసీ కుటుంబాలు ఇళ్లు వదిలి అప్పటి ఖమ్మం, వరంగల్, తూర్పు గోదావరి జిల్లాల అడవుల్లోకి వచ్చాయి. మనవాళ్లు గుత్తికోయలు అని పిలుస్తున్నది వాళ్లనే. ప్రకృతి విపత్తుల అట్లాస్‌లో ఏ రంగూ లేని ప్రమాదం వాళ్లను కదిలించింది.

వచ్చిన చోటు ఎలాంటిది? పాతరాతి నేల వదిలి గోదావరి లోయ అంచుకు చేరారు. ములుగు జిల్లా అడవులనే తీసుకుంటే, 2023 జులైలో ఇందాక చెప్పుకున్న కుంభవృష్టి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవుల్లో సుడిగాలికి దాదాపు 50,000 చెట్లు నేలకూలాయి. డిసెంబరులో భూకంపం. ఏడాదిన్నరలో మూడు. ఇది చూసి ములుగు శాపగ్రస్త జిల్లా అనుకోవడం తప్పు. అంతటి సుడిగాలి అక్కడే మళ్లీ రావాలని ఏమీ లేదు, భూకంపానికీ వానకూ సంబంధం లేదు. చీటీలు ఒక్కోసారి వరసగా వస్తాయి, అంతే. అయితే జంపన్నవాగు పొంగడం మాత్రం ఆ నేల వాలులోనే ఉంది, అది మళ్లీ జరుగుతుంది. ఏది కాకతాళీయం, ఏది ఆ చోటి స్వభావం అని విడదీయడమే ప్రమాదాలను పోల్చడంలో అసలు పని.

ముప్పుల మాట ఎలా ఉన్నా, అడవి భూమిలో పట్టా లేని గూడేనికి మూడో పాలు భారీగా ఉంటుంది. రోడ్డు వేయడానికీ, పక్కా ఇల్లు ఇవ్వడానికీ ముందు ఆ గూడెం కాగితాల మీద ఉండాలి. కాగితాల మీద లేని చోటికి హెచ్చరిక ఆలస్యంగా చేరుతుంది, పరిహారం అసలు చేరకపోవచ్చు.

ఇల్లు చూసేటప్పుడు

ఇంతకీ ఎంచుకునే వెసులుబాటు ఉన్నవాళ్లు ఏం చూడాలి? మొదట జిల్లాలను పోల్చడం తగ్గించి వీధులను పోల్చాలి. భద్రాచలం క్షేమమా కాదా అన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. 1986 నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆ ఊరి పెద్దవాళ్లు గోడ చూపించి చెబుతారు. ఆ గుర్తుకు పది అడుగుల పైనున్న ఇల్లూ, పది అడుగుల కిందున్న ఇల్లూ ఒకే పిన్‌కోడ్‌లో ఉన్నా ఒకే ప్రమాదంలో లేవు. హైదరాబాద్‌లో అయితే లేఅవుట్ పేరుకు ముందు అక్కడ ఏ చెరువు ఉండేదో, దాని అలుగు నీళ్లు ఏ దారిన పోయేవో కనుక్కోవాలి.

రెండోది, ముప్పు ఎంత ముందుగా తెలుస్తుందన్నది. సముద్ర తీరం అందరికంటే భయపెట్టినా, తుఫానుకు ఇప్పుడు రోజుల ముందే కబురొస్తుంది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టినప్పుడు ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు 10,000 మంది పోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర పెను బలంతో తీరం దాటింది. ఒడిశా, ఆంధ్ర తీరాల నుంచి పది లక్షల మందికి పైగా జనాన్ని ముందే తరలించడంతో మరణాలు పదుల్లోనే ఆగాయి. సముద్రం మారలేదు, ముప్పు మారలేదు. ఎదురుపడటం, తట్టుకోలేనితనం తగ్గాయి. ఆ లెక్కన హెచ్చరిక చేరే తీరపు ఊరి కంటే హెచ్చరిక చేరని అడవి ఊరే ప్రాణానికి ఎక్కువ ప్రమాదం కావచ్చు.

మూడోది, మీ ఇంట్లోవాళ్ల పని, వయసు, ఆరోగ్యం. ఆరుబయట పనిచేసేవాళ్లకు పిడుగూ ఎండా ముందు లెక్కలోకి రావాలి. పుణెలోని ఐఐటీఎం తయారుచేసిన 'దామిని' యాప్ దగ్గర్లో పిడుగు పడే సూచన ఉంటే ఫోన్‌లో చెబుతుంది. గుండెజబ్బున్న పెద్దవాళ్లుంటే భూకంప జోన్ కంటే వానాకాలంలోనూ తెగని రోడ్డు, దాని చివర ఆసుపత్రి ముఖ్యం.

ఈ మూడూ వేసుకుని చూస్తే మ్యాపులో నిశ్చింతగా కనబడిన తర్రెం వెనక్కి వెళ్తుంది, భయపెట్టిన విశాఖ ముందుకొస్తుంది. విశాఖ మీదికి మళ్లీ తుఫాను వస్తుంది, అది ఖాయం. వచ్చినప్పుడు సిమెంటు కప్పు, సైరన్, ఆసుపత్రి అక్కడున్నాయి. తర్రెం లాంటి ఊళ్లలో ఏటా ఇలా పోయే ప్రాణాల్లో చాలా వాగు మీద వంతెన, ఆరోగ్య కేంద్రంలో యాంటీవెనమ్, బడి భవనం మీద పిడుగు తీగ ఉంటే ఆగిపోయేవే. వీటిలో ఏదీ కొత్తగా కనిపెట్టవలసింది కాదు. ఉన్న ఊరు వదల్లేని వాళ్లే దేశంలో ఎక్కువమంది. వాళ్లకు విపత్తు నిర్వహణ అంటే ఈ వంతెనా, ఈ మందూ, ఈ తీగా. ఊరిని ఎంచుకోగలిగినవాళ్లు కూడా ఒక చోటిని చూసేటప్పుడు అక్కడ ఇవి ఉన్నాయా అని అడగడంతోనే మొదలుపెట్టాలి.